సుద్దగీతల లెక్క

ప్రియమైన చెల్లీ,

భుజం ఎముక అతుక్కుంటోందా? నా గురించి దిగులు పెట్టుకోకు. జైలు తిండి నీ వంటకంటే నయం.

అవతలి జట్టు కార్లు బాగుచేసే ఆ కళ్లజోడు మేస్త్రీని కొట్టినందుకు నాకు రవ్వంత బాధ లేదు. పందెం రోజు పొద్దున మన షెడ్డులో, నీ కారు ముందు ఎడమ టైరు దగ్గర, వాడు చాకు పట్టుకుని కూర్చుని ఉండగా కళ్లారా చూశాను. నన్ను చూడగానే నోరెత్తకుండా లేచి వెళ్లిపోయాడు. మూడో చుట్టులో అదే టైరు పేలింది. కారు పల్టీలు కొట్టి గోడకి గుద్దుకుంది. రేకు కోసి నిన్ను బయటికి లాగాక, టైర్లు విప్పే ఇనుపకడ్డీ తీసుకుని నేరుగా వాడి దగ్గరికి వెళ్లాను. మొదటి దెబ్బకి కళ్లజోడు, రెండో దెబ్బకి దవడ. మూడోది పడకుండా నలుగురు పట్టుకున్నారు. అదొక్కటే వెలితి.

పేలిన టైరు లాయరుకి అప్పజెప్పు. చాకు కోత కనబడితే శిక్ష తగ్గుతుందట. మిగతా టైర్లు ఎండ తగలకుండా కప్పి ఉంచు. మన పద్ధతి మరిచిపోకు. ట్రాకు మీద వేడెక్కిన ప్రతిసారీ ఒక సుద్దగీత, తర్వాత ఒక రోజంతా విశ్రాంతి, ఆరు గీతలు పడ్డాక పారెయ్యడం. అందరివీ మూడుసార్లకే అరిగిపోతుంటే మనవి ఆరుసార్లు వచ్చేవంటే ఊరికే కాదు.

మీ అన్నయ్య

*

అన్నయ్యా,

కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో రాస్తున్నాను, కోడి గీకినట్టుందని నవ్వకు. ఆ టైరు పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు. పోనీలే.

మేస్త్రీ గారి దవడని తీగలతో బిగించారట. గొట్టంతో పాలు తాగుతున్నారు. ఆయన భార్య మా బడి గేటు దగ్గర ఎదురైంది. తలొంచుకుని లెక్కల క్లాసుకి వెళ్లిపోయాను. బస్సు కుదుపులు పడవన్నారు, అందుకే నిన్ను చూడ్డానికి రావట్లేదు. అక్కడ ఎవరి మీదా చెయ్యి చేసుకోకు.

నీ చెల్లి

*

చెల్లీ,

పాతసామాన్లవాడికి ఎవరిచ్చారు? బుద్ధుందా నీకు?

"ఆడపిల్లకి స్టీరింగిస్తే అంతే" అన్నాడు నా గదిలో ఒకడు. ముక్కు పగలగొట్టాను. వాడి మనుషులు నన్ను కిందపడేసి తొక్కారు. రెండు పక్కటెముకలు పోయాయి. నవ్వితే నొప్పి, అదృష్టం కొద్దీ ఇక్కడ నవ్వే పనేం లేదు.

పద్నాలుగున వాయిదా. ఆ టైరుకి నాలుగే గీతలు. ముందురోజు నేనే లెక్కపెట్టాను. నాలుగు గీతల టైరు దానంతటది పేలదు. బయటికి రానీ, వాడి మిగిలిన పళ్లు కూడా రాలగొడతాను.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

తొమ్మిది. నాలుగు కాదు.

నువ్వు పనిలో ఉన్న సాయంత్రాల్లో ఐదుసార్లు కారు తీసుకెళ్లాను. అరసెకను వెనకబడుతున్నానన్న కసి. టైర్లకి విశ్రాంతి లేదు, గీతా గీయలేదు. గీస్తే నువ్వు తీసేస్తావు, కొత్తవి వచ్చేలోపు పందెం అయిపోతుంది. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, సిగ్గుగా ఉంది.

టైరు మీద కోత లేదు. ఆ పొద్దున మేస్త్రీ గారు నా దగ్గరికే వచ్చారు. "అమ్మాయ్, లోపలి అంచున రబ్బరు అరిగి దారాలు బయటపడ్డాయి. దీంతో వెళ్తే చస్తావు" అంటూ చాకు మొనతో ఆ చోటు చూపించారు. "మీ పని మీరు చూసుకోండి" అని హెల్మెట్ తెచ్చుకోడానికి వెళ్లిపోయాను. ఆయన అక్కడే కూర్చున్నారు, నీ కోసం.

నువ్వాయన్ని కొడుతుంటే నాకు స్పృహ ఉందన్నయ్యా. స్ట్రెచర్ మీంచి చూశాను. నోరు పెగల్లేదు. భయం.

టైరు నా మంచం కింద ఉంది. చూపిస్తే నీ శిక్ష పెరుగుతుంది. కాల్చెయ్యమంటే కాల్చేస్తాను.

నీ చెల్లి

*

చెల్లీ,

నీ ఉత్తరం చదివి గోడని గుద్దాను. ఎదురుగా ఉంటే నిన్నే కొట్టేవాణ్ణి. రెండు వేళ్లు విరిగాయి. ఇప్పుడు నాదీ కోడి గీకుడే.

ఆయన నోరెత్తకుండా వెళ్లిపోయాడని రాశాను కదా, అబద్ధం. "టైరు ఒక్కసారి చూడవయ్యా" అన్నాడు. "నాకు నేర్పుతావా" అని మెడ పట్టి గెంటేశాను. తర్వాత వంగి మళ్లీ గీతలు చూశాను. నాలుగున్నాయి. రబ్బరు చూడలేదు.

నువ్వు ఐదు గీతలు దాచావు, నేనొక మాట దాచాను. దవడ మాత్రం ఆయనది.

పద్నాలుగున లాయరు కాదు, నేనే మాట్లాడతాను. టైరు కాల్చకు. బాగున్న భుజాన వేసుకుని తీసుకురా. బస్సు కుదుపులు భరించు.

అన్నయ్య