తడి ఆరాక

నల్లగండ్ల,
ఫిబ్రవరి 3

అమ్మా కెజియా,

ఈ పిలుపు చేతి అలవాటు, మనసుది కాదు. మీ అక్క ఉన్న రోజుల్లో నీకు ఏం రాసినా ఇలాగే మొదలుపెట్టేవాణ్ణి కనుక కలం తనంతట తాను రాసేసింది. మన ఇళ్ళల్లో ఉత్తరం నెత్తిన ప్రభువు నామాన శుభాలు చెబుతారు. అది నా వల్ల కాదు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు వేరే ఉంది.

నీ కార్డు అందింది. జీడిమెట్లలో ఇల్లు ఖాళీ చేసి పదమూడో తేదీన విశాఖపట్నం, నీ కూతురు లీదియా దగ్గరికి వెళ్ళిపోతున్నావనీ, ఇక తిరిగి రావనీ రాశావు. వెళ్ళేలోపు అక్క జ్ఞాపకంగా రెండు అడిగావు. ఆమె చేత్తో రాసుకున్న పాటల నోటుబుక్కు, ఆమె రాతి ఆర్కిడ్‌లోంచి ఒక్క దుంప. నోటుబుక్కు పంపుతాను. దుంప ఇవ్వను. ఎందుకివ్వనో రెండేళ్ళ కిందట మీ అక్క కరుణ జ్ఞాపకార్థ కూడికలో అందరి ముందూ ఒక్క మాటలో చెప్పాను. నాకింక ఎక్కువ రోజులు లేవు కాబట్టి ఇప్పుడు వివరంగా చెబుతాను.

కరుణ పాడేరులో నర్సుగా ఉన్నప్పుడు, పురుడు పోసిన ఇంటివాళ్ళు కొండరాతి మీంచి ఒలిచి ఇచ్చిన మొక్క అది. నలభై ఏళ్ళలో ఒకటి ఏడు కుండీలయింది. అది మట్టిలో బతకదు. రాతిని కరుచుకుని, వాన జారిపోయే లోపల తాగినంత తాగి, మిగతా కాలమంతా గాలిని నమ్ముకుని బతుకుతుంది. అందుకే పక్కలకు కన్నాలున్న మట్టికుండీ, దాన్నిండా కంకరరాళ్ళు, కట్టెబొగ్గు ముక్కలు, పైన కాస్త కొబ్బరిపీచు. గుప్పెడు మట్టి పడినా వేళ్ళకు ఊపిరాడదు. మా తూర్పు బాల్కనీలో తొమ్మిదిన్నర దాకా ఎండ ఉండేది. ఎదురుగా ఉన్న రాతిగుండ్లను పేల్చి ముప్ఫై అంతస్తులు లేపాక అది గంటకు పడిపోయింది. మావాడు ప్రేమ్ కుమార్ ఊదారంగు దీపం ఒకటి తెచ్చి, "నాన్నా, ఇది ఎండతో సమానం, టైమర్ కూడా ఉంది," అన్నాడు. సూర్యుడికి టైమర్ ఉండదని గచ్చిబౌలి ఆఫీసుల్లో వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. కింద అసోసియేషన్ సెక్రటరీ రామబ్రహ్మంగారు కుండీల నీళ్ళు తన కారు మీద పడుతున్నాయని లిఫ్టులో నోటీసు అంటించారు. ఆరు వాక్యాలు, తొమ్మిది తప్పులు. ఎర్రసిరాతో దిద్ది మళ్ళీ అక్కడే అంటించాను. అప్పటి నుంచి ఆయన నన్ను చూస్తే మెట్లెక్కి వెళ్తాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు.

ఎండనూ కుండీనీ నేను సర్దుకున్నాను. నీళ్ళ దగ్గరే నువ్వు వచ్చావు.

ఈ మొక్క వేళ్ళు తడిస్తే పచ్చబడతాయి, ఆరితే వెండిలా తెల్లబడతాయి. తెల్లబడేదాకా చుక్క పోయకూడదు. చలికాలంలో మొక్క నిద్రపోతుంది, అప్పుడు మరీ జాగ్రత్త. ఆ డిసెంబరులో కరుణను ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను ఆమె దగ్గరే ఉండిపోవాల్సి వచ్చింది. నువ్వు జీడిమెట్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చి కుండీలు చూస్తానన్నావు. ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడే చీటీ రాసి ఇచ్చాను. "వేళ్ళ తడి ఆరాక నీళ్ళు పోయాలి." అయిదు ముక్కలు. చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. నువ్వు ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరువి.

మూడో రోజున ఫోను చేశావు. "బావగారూ, చీటీలో ఉన్నట్టే చెయ్యమంటారా? నాకెందుకో అనుమానంగా ఉందండి," అన్నావు. అప్పుడే డాక్టరు బయటికి వస్తున్నాడు. "అక్షరం పొల్లుపోకుండా చెయ్యి," అని పెట్టేశాను.

నలభై రోజుల తరువాత ఇంటికి వచ్చేసరికి ఏడు కుండీలూ వాసన కొడుతున్నాయి. దుంపలు నొక్కితే నీరు కారింది. కరుణ బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేయించుకుని చాలాసేపు చూసింది. పదకొండో రోజున పోయింది. ఎదురుచూడటానికి ఏమీ మిగలని మనిషి అలాగే పోతుంది. అందుకే కూడికలో, పాస్టరుగారు ఓదార్పు వాక్యం చెబుతుండగా లేచి, "ఈ ఇంట్లో రెండు చావులకూ ఈమె చెయ్యే కారణం," అన్నాను. నువ్వు నోరు తెరిచి, కరుణ ఫోటో వైపు చూసి, మూసుకున్నావు. చెప్పుకోవడానికి ఏమీ లేదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ కుళ్ళులోంచి ఒకే ఒక్క దుంప బతికించాను. రెండేళ్ళకు అది నాలుగయింది. నేను పోయాక ప్రేమ్ జాలిపడి నీకు పంపుతాడు. వాడిది వాళ్ళమ్మ మనసు. అందుకని ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి, కుండీని చెత్తబండిలో వేయిస్తాను. నీకు దక్కడం కన్నా అది నయం.

ఇట్లు,
ఇశ్రాయేలు


నల్లగండ్ల,
ఫిబ్రవరి 9

అమ్మా కెజియా,

ఈసారి మనసే రాసింది. నమ్మనక్కర్లేదు.

మొన్న నీకు పంపడానికి నోటుబుక్కు కిందికి దించాను. దాని సంగతి నీకు కొంతే తెలుసు. పెళ్ళయిన కొత్తలో కరుణ ఆ పాటలు నాకు చూపించింది. నేను అప్పటికే పత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి, పొగరు మీద ఉన్నాను. ఆ రోజే కూర్చుని మొదటి ఇరవై పేజీలు ఎర్రసిరాతో దిద్ది చేతిలో పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "ఇన్ని తప్పులా అండీ," అంది. ఆ తరువాత నలభై ఏడేళ్ళు నా ఎదుట కలం పట్టలేదు. సరుకుల చీటీ కూడా నోటితో చెప్పి నాచేత రాయించేది. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

ఏ పుస్తకాన్నయినా పేజీలు సరిగా ఉన్నాయో లేదో చూడకుండా కట్టను. తిప్పుతుంటే చివరి అట్టలోంచి చీటీ జారింది. నా చేతిరాతే. అంటించిన బంక గుర్తులున్నాయి. నువ్వు బాల్కనీ తలుపుకు అంటించిన చీటీ.

"వేళ్ళ తడి ఆరక నీళ్ళు పోయాలి."

ఆరాక కాదు. ఆరక. ర మీద దీర్ఘం లేదు. ఆరాక అంటే ఆరిన తరువాత. ఆరక అంటే ఆరకుండానే. నేను రాసినట్టే నువ్వు చేశావు. వేళ్ళ తడి ఆరనివ్వకుండా, పొద్దునా సాయంత్రం, రెండేసి బస్సులు మారి వచ్చి, చలిలో, నలభై రోజులు. అనుమానం వచ్చి అడిగితే అక్షరం పొల్లుపోకుండా చెయ్యమన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా చేతి మీదుగా పోయిన పేజీలో దీర్ఘం తప్పిందని ఎవడూ వేలు చూపించలేదు. ఒక్కసారి తప్పింది.

ఆ ర పక్కన పెన్సిలుతో ఒక గీత ఉంది. పైన వణుకుతూ పెట్టిన దీర్ఘం. కరుణ పెట్టింది. నేను ప్రూఫు దిద్దే పద్ధతిలోనే అంచున గుర్తు కూడా వేసింది. కింద ఒక ముక్క రాసింది: "ఆయనకు చెప్పొద్దని కెజియతో అన్నాను. తట్టుకోలేరు."

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఆమె నిన్ను మంచం దగ్గరికి పిలిచి ఏదో చెప్పింది. ఏమిటని అడిగితే, "ఆడవాళ్ళ మాటలండీ, మీకెందుకు," అని నవ్వింది. కూడికలో నువ్వు ఫోటో వైపు ఎందుకు చూశావో ఇప్పుడు తెలిసింది. నిన్నేమీ అడగను. ఒక్కమాట నువ్వు అని ఉంటే నేను రెండేళ్ళు సుఖంగా నిన్ను తిట్టుకునేవాణ్ణి కాదు. ఆ సుఖం కూడా మీ అక్కాచెల్లెళ్ళే నాకు ఇచ్చారు.

కుండీ సంగతి. చెప్పినట్టే చెత్తబండిలో వేయించాను. చీటీ చూసిన మరునాడు పొద్దున్నే గేటు దగ్గర కాపు కాశాను. బండితో వచ్చే సీతాబాయి పారెయ్యలేదట, ఇంటికి పట్టుకుపోయిందట. మధ్యాహ్నం ప్లాస్టిక్ బకెట్‌తో తెచ్చింది. "పారేసినవ్ గదా సార్, గిప్పుడు ఏంది గీ పరేషాన్?" అంది. రాళ్ళల్లో పడేసి ఎండబెట్టానని నన్ను కోప్పడింది కూడా. "నల్లమట్టి పోసిన. పొద్దుమాపు నీళ్ళు పోస్తున్న. జర పాణం వస్తది, ఫికర్ చెయ్యకు."

రెండేళ్ళ కిందట నీ మీద అరిచినట్టు ఆమె మీద అరవడానికి నోరు తెరిచాను. మంచిపని చేశావమ్మా అన్నాను. ఆమె సంతోషపడి వెళ్ళింది.

మూడు దుంపలు కుళ్ళాయి. నాలుగోది అడుగున మెత్తబడింది. కుళ్ళినంత మేర కోసి, దాల్చినచెక్క పొడి అద్ది, ఉత్త కంకరరాళ్ళ మీద పెట్టాను. వేరు ఒక్కటీ లేదు. బతకదు. ఈ మొక్క నాకు తెలుసు, ఆశ పెట్టుకునే వయసూ కాదు. నువ్వు అడిగినప్పుడు నాలుగు ఉన్నాయి. ఇవ్వడానికి ఇప్పుడు ఏమీ లేదు.

ప్రేమ్ చేతికి నోటుబుక్కు ఇచ్చి పంపుతున్నాను. చీటీ అందులోనే ఉంది. అది నీది. కూడికకు వచ్చినవాళ్ళలో ఎవరికి చూపించాలో వాళ్ళకు చూపించు. పాస్టరుగారికి నేనే చూపించి వచ్చాను. రామబ్రహ్మంగారికి కూడా చూపించాను. ఆయన చాలాసేపు చదివి, "ఇందులో తప్పేముందండీ?" అన్నారు.

స్టేషనుకు నేను రాను. నీ ముఖం చూసి అనాల్సిన మాట మూడుసార్లు ఇక్కడ రాసి కొట్టేశాను. మూడుసార్లూ దీర్ఘాలన్నీ సరిగానే పడ్డాయి. అయినా అది సరైన మాట కాలేదు.

కరుణ రాసిన ముక్కలో నీ పేరు చివర దీర్ఘం లేదు. నా చేతిలో పెన్సిలు ఉంది. దిద్దలేదు.

నీ బావ,
ఇశ్రాయేలు