పిల్లల గడిలో రాసిన అంకె గురించి

వీసాల అధికారి గారి సముఖమునకు,
ఆసుపత్రి బట్టలు ఉతికేచోట కుట్టుపని చేసే మనిషి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భర్తకు నా దగ్గర ఉండుటకు వీసా నిరాకరించిన సందర్భమున, మేము నిజముగానే మొగుడూ పెళ్ళాలమని మనవి చేసుకొనుట.

నేను ఐదో తరగతి చదివాను. ఆరులో రెండు నెలలు కూర్చున్నాను. అయినా ఈ అర్జీ నేనే రాసుకుంటున్నాను. పెళ్ళయిన కొత్తలో ఒక ఆఫీసు ముందు అర్జీలు రాసే ఆయన బల్ల పక్కనే నా కుట్టుమిషను ఉండేది. 'మనవి చేయడమేమనగా', 'కావున తమరు' వంటి మాటలు రోజంతా చెవిన పడేవి. చొక్కాకు చేతులు ఎక్కించినట్టు వాటిని ఎక్కడో ఓచోట ఎక్కిస్తున్నాను. వంకరగా వస్తే మన్నించవలెను. ఏ భాషలో రాసినా తర్జుమా చేసేవారున్నారని మీ ఉత్తరం అడుగున ఉన్నదట. వారికి కూడా నమస్కారములు.

ఆ ఉత్తరం నా కూతురు చదివి చెప్పింది. దానికి పదమూడేళ్ళు. నిరుడు పిల్లల వీసా మీద వచ్చి నా దగ్గరే ఉంటున్నది. చదువుతూ చదువుతూ ఆగి, "అమ్మా, నువ్వూ నాన్నా మొగుడూ పెళ్ళాలు కారట" అన్నది.

"మరి నువ్వెవరివే?" అన్నాను.

"అది ఇందులో రాయలేదు" అన్నది.

తమరు చూపిన కారణములకు నా సమాధానములు ఈ విధముగా ఉన్నవి.

1. భార్య తన భర్తను 'ఏమండి' అను పేరుతో పిలుచుచున్నదనియు, దరఖాస్తులో ఆ పేరుగల వ్యక్తి లేడనియు రాశారు. అయ్యా, ఫోనులో ఇంటర్వ్యూ చేసినవారు "మీ ఆయన్ని ఏమని పిలుస్తారు?" అన్నారు. "ఏమండీ అని" అన్నాను. అడిగింది చెప్పాను. ఏమండి అనే రెండో మనిషి నా జీవితంలో లేడు. ఉన్న ఒక్కరితో వేగేసరికే నా తల సగం నెరిసింది, ఈ మోకాళ్ళతో నాకు ఇంకొకరు కూడానా? ఆయన అసలు పేరు నేను ఎన్నడూ నోటితో పలకలేదు. మీ దరఖాస్తులోనే మొదటిసారి రాశాను. అందులో ఒత్తు తప్పింది. మీరు పట్టుకోలేదు గనుక నేనే చెప్పేస్తున్నాను.

2. పెళ్ళి ఫోటోలోని స్త్రీకి, దరఖాస్తుదారుకు పోలికలు కుదరలేదన్నారు. నాకూ కుదరలేదు. ఆ ఫోటో పనిచోట చూపిస్తే ఇస్త్రీ చేసే ఆవిడ "ఎవరిది, మీ చెల్లెలా? ఎంత సన్నగా ఉందో!" అన్నది. నేను ఔననేశాను. ఆ పిల్లను ఇప్పుడు ఎక్కడినుంచి తెచ్చి చూపించను? లోపలే ఎక్కడో ఉండాలి. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ మాత్రం ఇద్దరికీ ఒకటే, పరిశీలించగలరు.

3. ఫోను మాటలు రోజుకు మూడు నిమిషములే గనుక దాంపత్యము అనుమానాస్పదము అన్నారు. తమరికి పెళ్ళయి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు. మాకు ఇరవై రెండు. "తిన్నారా?" "తిన్నా. నువ్వు?" "తిన్నా." "అది బడికెళ్ళిందా?" "వెళ్ళింది." "సరే, ఉంటా." ఇందులో దేన్ని సాగదీయమంటారు?

4. నాలుగోది నా కూతురు చదవలేదు. కాగితం నా ముందు పెట్టి మంచినీళ్ళకని లేచి వెళ్ళింది. పై అంతస్తులో ఉండే నర్సమ్మ వచ్చి చదివింది. 'పిల్లల సంఖ్య: భార్య రెండు అని రాసినది. భర్త ఒకటి అని చెప్పినాడు. ఒకే కాపురములో పిల్లల సంఖ్య ఇద్దరికీ వేరుగా ఉండుట నమ్మదగినదిగా లేదు.'

ఇక్కడికి వచ్చేసరికి ఆ అర్జీలాయన మాటలు నాకు అందడం లేదు. మామూలుగానే చెప్తాను.

మాకు ఇద్దరు. పెద్దవాడు జ్వరంతో పోయాడు. రెండేళ్ళయింది. పదిహేడేళ్ళవాడు. ఆ పూట నేను ఇక్కడ ఆపరేషను గది గౌన్లకు ఊడిపోయిన నాడాలు కుడుతున్నాను. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తొమ్మిది రోజులే సెలవు. ఇంటినిండా మనుషులు. నేను వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ, ఆయన వెళ్ళేవాళ్ళను గేటుదాకా దింపుతూ ఉండగానే తొమ్మిది రోజులూ గడిచాయి. ఒక్క పూట కూడా మేమిద్దరం ఎదురెదురుగా కూర్చోలేదు. తర్వాత పిల్ల ఇక్కడికి వచ్చేసింది. ఆయన పొద్దున్నే వెళ్ళి లిఫ్టులు బాగుచేసుకుని వస్తారు, వాడి గది తలుపు మూసి ఉంచి వంటింట్లో పడుకుంటారు. పిల్ల చెప్తే తెలిసింది, ఆయన చెప్పలేదు.

మీ దరఖాస్తులో ఆ గడి వచ్చినప్పుడు నేను ఆలోచించలేదయ్యా. చెయ్యి 2 అని రాసేసింది. నేను కన్నవాళ్ళను రాశాను. ఆయన ఉన్నవాళ్ళను చెప్పారు.

సవరణ పత్రం మీద 1 అని రాసి సంతకం పెడితే దరఖాస్తు మళ్ళీ తెరుస్తారట. నర్సమ్మ, "పెట్టెయ్యక్కా, కాగితమే కదా. వాడేమన్నా అనుకుంటాడా?" అన్నది. ఫోనులో ఆయనా, "నేను చెప్పిందే రాసెయ్. ముందు నేను రావాలి కదా" అన్నారు. నిజమే. ఎంత చిరిగిన దుప్పటికైనా నిమిషంలో అతుకు వేసే మనిషిని, ఒక్క నిలువు గీత గీయలేక మూడు రోజులు ఆ కాగితం ముందు కూర్చున్నాను. పెన్ను పనిచేయడం లేదని ఇంకో పెన్ను కొన్నాను. అదీ పనిచేయడం లేదన్నాను. నర్సమ్మ దాంతో తన అరచేతిలో గీత గీసి చూపించి పైకి వెళ్ళిపోయింది.

కావున తమరు దయయుంచి, 2 అను అంకెను నా చేత కొట్టివేయించకుండానే నా భర్తకు నాతోను, నా కూతురితోను ఉండుటకు అనుమతి ఇప్పించవలసినదిగా వేడుకొనుచున్నాను. తప్పులున్నచోట చదువు లేనిదని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు
(అర్జీలాయన ఎప్పుడూ 'విధేయుడు' అనే రాసేవాడు. ఇది నా సొంతం, తప్పయితే దిద్దుకోగలరు.)

తా.క.: కవరు అంటించేముందు ఇదంతా ఫోనులో ఆయనకు చదివి వినిపించాను. పుట్టుమచ్చ దగ్గర నవ్వారు. నాలుగోది వచ్చేసరికి లైను పోయిందనుకున్నాను.

అప్పుడన్నారు: "ఇద్దరని చెబుదామనే నోరు తెరిచానే. ఇద్దరంటే, పెద్దవాడేం చేస్తున్నాడని అడుగుతారు కదా. అందుకని ఒకరన్నాను."

వాడు పోయాక వాడి మాట ఆయన నోటివెంట రావడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ ఈయన వాణ్ణి లెక్కలోంచి తీసేశారని నేను లోపల్లోపల ఆయన మీద కత్తి కట్టుకుని కూర్చున్నాను. నా అంత మొద్దు ఇంకొకతె ఉండదు.

తన జవాబు కూడా 2 అని మార్చి రాసుకోమని తమరికి చెప్పమన్నారు. పెద్దవాడేం చేస్తున్నాడని ఈసారి మీరు అడగండి, చెబుతారట. అయితే ఫోనులో ఆయన వల్ల కాదట. పక్కన నేను కూర్చోవాలట.