అక్కయ్యతో అనరాని మాట

లిఫుకా దీవి,
సోమవారం

పూజ్యురాలైన ఫూసి అక్కయ్యకు,

తమ్ముడు కెలేపి నమస్కరించి వ్రాయునది. రెండిళ్ళ అవతలనున్న మీకు ఉత్తరమేమిటని నవ్వకండి. అక్కాతమ్ముళ్ళ నడుమ ఒంటిబట్టల ప్రస్తావన మన దీవిలో నోట రాకూడదు. మీ ఎదుట నిలిచి 'పంట్లాం' అన్న మాట ఎలా పలకను? అందుకే నా భార్య సేలా చేత ఈ కాగితం పంపుతున్నాను.

నిన్న మీరు జ్వరంతో ఆరాధనకు రాలేదు. తుఫానుకు కూలిన కరెంటు స్తంభాలు నిలబెట్టే పనిలో నా కూతురు లావినియా తెల్లవారుజాము నుంచి ఉన్నది. బట్టలు మార్చుకొనే వ్యవధి లేక, పంట్లాం మీదనే, గౌరవసూచకంగా మనం నడుముకు కట్టే మర్యాదచాప చుట్టుకొని చర్చికి వచ్చింది. సంఘపెద్ద మానాసే గుమ్మంలో అడ్డుపడ్డాడు.

"ఏమ్మాయ్, స్తంభమెక్కడానికొచ్చావా, ప్రార్థనకొచ్చావా?"

"రెండింటికీ ఇవే కాళ్ళు బాబాయ్! పొడుగు లంగాతో స్తంభమెక్కితే కింద మీరే కళ్ళు మూసుకోవాలి."

లోపల ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మానాసే నవ్వలేదు. "మీ నాన్న ప్రసంగపీఠం మీదే ఉన్నాడుగా, ఆయన్నే అడుగు" అన్నాడు.

అది నా వైపు చూసింది. నేను గ్రంథంలో పుట తిప్పాను, అక్కయ్యా. తిప్పవలసిన పుట కాదది. తల ఎత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉన్నది. ఇంటికి వెళ్ళాక, "ఇంకెప్పుడూ ఆ గడప తొక్కను నాన్నా" అని ఒక్క మాటే అన్నది.

స్త్రీ పురుషవేషం ధరించరాదన్న ధర్మశాస్త్ర వాక్యాన్ని నలభై ఏళ్ళుగా వ్యాఖ్యానిస్తున్నవాణ్ణి. రాత్రంతా దాన్నే మననం చేశాను. మోకాళ్ళ కిందికి నేను చుట్టుకొనే ఈ గుడ్డను చూసి, ఒకసారి ఆక్లండ్‌ వెళ్ళినప్పుడు అక్కడ ఒక చిన్నపిల్ల, "అమ్మా, తాత లంగా కట్టుకున్నాడు" అని వేలు చూపింది. అక్కడ నేను ఆడవేషగాణ్ణి, ఇక్కడ ఉపదేశకుణ్ణి. మన ప్రాచీన నాట్యగీతాలలోని స్త్రీలు ఆకులు చుట్టుకొని, కొబ్బరినూనెతో మెరుస్తూ సభ ప్రవేశించారు. మనం అనాది మర్యాదగా భావించే పొడుగు గౌను పరదేశపు బోధకుల ఓడలో వచ్చింది. ఇంత తెలిసినవాడు నిన్న నోరు విప్పలేదు.

కనుక నిశ్చయించుకొన్నాను. లావినియాను లోపలికి రానిచ్చేవరకు నేను పీఠమెక్కను. మౌనంగా గుమ్మం బయటే ప్రార్థిస్తాను. మన ఆచారం ప్రకారం నా బిడ్డల విషయంలో తండ్రికంటె మేనత్త మాట పైది. మీ అనుమతి కోరుతున్నాను.

విధేయుడు,
కెలేపి


బుధవారం

తమ్ముడు కెలేపికి,

అక్క ఆశీస్సులు. అనుమతి ఇవ్వను.

నలభై ఏళ్ళు మాట్లాడినవాడివి, ఒక్క మాట కావలసిన చోట నోరు మూసుకున్నావు. ఇప్పుడు నోరు మూసుకోవడానికి మరో దారి వెతికి, దానికి ప్రార్థన అని పేరు పెట్టావు.

జ్వరం తగ్గింది. నిన్న మానాసే ఇంటికి వెళ్ళాను. "నాదేముంది పెద్దమ్మా, కన్నతండ్రే ఊరుకున్నాడు" అని నసిగాడు. "తండ్రి ఊరుకుంటే మేనత్త చచ్చిందనుకున్నావా?" అన్నాను. ఆదివారం వాడు అడ్డు నిలవడు.

అయినా లావినియా లోపలికి రావడానికి ఒప్పుకోలేదు. "మానాసే బాబాయ్ ఆపినందుకు కాదత్తా నా బాధ. నాన్న పిలవలేదు" అన్నది. నేను ఆజ్ఞాపిస్తే లోపలికి వస్తుంది. ఆజ్ఞాపించను. ఆ పని నీది.

ఈ ఆదివారం కూడా దానికి స్తంభాల పని ఉంది. ఆ బట్టలతోనే వచ్చి గడప ఇవతల నిలబడడానికి మాత్రం ఒప్పుకుంది. నువ్వు పీఠమెక్కు. అందరి ఎదుట పేరు పెట్టి పిలువు. పిలిచేదాకా నేనూ లోపలికి రాను, దాని పక్కనే నిలబడతాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ప్రసంగానికి ముందే పిలువు.

మీ అక్క,
ఫూసి