సుబ్బమ్మ లేని ఎన్నికలు

1962 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి. మార్కాపురం.

ఎన్నికల గోల గురించి రాసేదేముందని దీపం ఆర్పబోయి, మళ్ళీ కూర్చున్నాను.

ప్రతి ఎన్నికలోనూ నేనొక పార్టీకి, మా ఇంటావిడ సుబ్బమ్మ దాని పోటీ పార్టీకి ఓటు వేసేవాళ్ళం. తిట్టుకుంటూ కలిసే వెళ్ళి, తిట్టుకుంటూ కలిసే వచ్చేవాళ్ళం. కార్తీకంలో ఆమె పోయింది. పొద్దున మా పార్టీ జీపులో వచ్చిన దుకాణం వెంకటయ్య, "ఈసారి నీ ఓటు మాకు నికరంగా మిగిలింది పెదనాయనా! కొట్టేసేదానికి పెద్దమ్మ లేదు గదా!" అని నవ్వాడు.

"అట్లనే లేబ్బా" అన్నాను.

మధ్యాహ్నం పేపరు తీశాను. జర్మనీలో ఊరి మధ్య కట్టిన గోడ ఇంకా అట్లాగే ఉందట. అది కట్టిన రోజుల్లో చదివి వినిపిస్తే సుబ్బమ్మ, "ఏంది, అన్నదమ్ములు పంచుకున్నారా? బావి ఎవరి పక్క పడింది?" అని అడిగింది. ఆ బావి సంగతి ఇప్పటికీ ఏ పేపరూ రాయలేదు. ఇవాళ పైకి చదవబోతే ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే ఎబ్బెట్టుగా తోచింది. మూసేశాను.

దీపాలు పెట్టే వేళకు సుబ్బమ్మ పార్టీవాళ్ళు మొక్కుబడిగా వచ్చారు. ఈసారి నా ఓటు మీకేనని చెప్పాను. వాళ్ళు నమ్మలేదు. నవ్వేసి పక్కింటికి వెళ్ళారు.