డేరా సినిమాలో అవ్వ ప్రార్థన

వాకాడు, శనివారం రాత్రి

నాయన మీద కోపం ఇంకా తగ్గలేదు. ఏడాదికొకసారి డేరా సినిమాకి తీసుకుపోయి, సగంలోనే మమ్మల్నందరినీ లాక్కొచ్చేసినాడు!

మాంత్రికుడు రాకుమారిని గుహలోకి నెట్టి బండ అడ్డం పెట్టగానే, అవ్వ లేచి నిలబడి, తలమీద కొంగు కప్పుకుని, "యేసయ్యా, ఆ బిడ్డను కాపాడు తండ్రీ" అని గట్టిగా ప్రార్థన చేసింది. డేరా అంతా ఒకటే నవ్వు. నాయన మగవాళ్ల వైపు నుంచి విసవిసా వచ్చి, "పరువు తీసినావు గదమ్మా, పద ఇంటికి" అన్నాడు.

అంతకుముందు "వెనక చూడరా, వెనక!" అని రాకుమారుడికి వినపడేట్టు అరిచింది నాయన కాదా? అప్పుడు పోలేదా పరువు?

ఇంటికొచ్చినప్పటి నుంచి అవ్వ మోకాళ్ల మీదే ఉంది. పడుకోమంటే, "ఎట్టా పడుకునేదే? ఆ పిల్ల ఇంకా గుహలోనే ఉంది గదా" అంటోంది.