వీధి దీపం కింద వాన

నాన్నా,

ఒళ్ళు మండిపోతోంది. ఫోన్లో అయితే రెండు ముక్కలు విని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. చదివి తీరాలి.

నేను పనిచేసే గది సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. పట్టపగలే చీకటి. గోడలకి నల్లటి మందపాటి గుడ్డ, ఎదురుగా పెద్ద తెర. అమ్మకానికి వెళ్ళబోయే ప్రతి సినిమా డిస్కునీ రెండుసార్లు పరీక్షిస్తాను. మొదటిసారి చప్పుడు ఆపేసి బొమ్మ మాత్రం చూస్తాను. మనుషులు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంటారు. రెండోసారి తెర ఆర్పేసి ధ్వని మాత్రం వింటాను. తెలియని భాషలో ఎవరో నా చెవి పక్కనే గుసగుసలాడి, తలుపేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోతారు. సాయంత్రం బయటికొస్తే బస్సు కూడా కలలోంచి వచ్చి ఆగినట్టే ఉంటుంది.

ఈ వారం ఏ సినిమా వచ్చిందో తెలుసా? మన సినిమా హాలు మూతపడే ముందు నువ్వు ఆఖరిసారి ఆడించింది. ఆ విదేశీ హత్యల సినిమా. పోలీసులొస్తున్నారని తెలిసీ హంతకుడు వీధి దీపం కింద నిలబడిపోతాడే, అది. నీ ప్రొజెక్టర్ బూత్‌లో స్టూలెక్కి, ఆ చిన్న అద్దంలోంచి ఎన్ని ఆటలు చూశానో! దీపం చుట్టూ వెండి దారాల్లా వాన. చిటపట చిటపట. ఇప్పటికీ నా నిద్రలో అప్పుడప్పుడు కురుస్తుంది.

డిస్కులో ఆ వాన లేదు నాన్నా. వాడి మొహం తడిగానే ఉంది, చినుకు మాత్రం లేదు!

పాత బొమ్మల్ని కంప్యూటర్లో శుభ్రం చేసేవాడు పక్క గదిలో ఉంటాడు, అందరం కళ్ళజోడు అంటాం. నేరుగా వెళ్ళి నిలదీశాను.

"వాన ఎందుకు తుడిచేశావ్?"

"ఏ వాన?"

"ఆ అద్దాలు దేనికి పెట్టుకున్నావ్, అందానికా? రీలు మీది గీతకీ చినుక్కీ తేడా తెలీక నీ యంత్రం మొత్తం ఊడ్చిపారేసింది!"

గొడవ విని మేనేజరు వచ్చాడు. "చినుకులు ఏరుకుంటూ కూర్చుంటే సరుకెప్పుడు కదులుతుందమ్మా? డిస్కు బాగుందని సంతకం పెట్టు."

"పెట్టను. తుడవకముందున్న కాపీ తెప్పించండి. అందులో వాన లేకపోతే నేనే వెళ్ళిపోతా."

"మాట మీదుంటావా?"

"ఉంటా."

నోరు జారానేమో, తెలీదు. ఆ వాన చూసిన కళ్ళు నావి కాక ఇంకెవరివైనా ఉంటే అవి నీవే. హాలు మూసేసిన రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నావు. అమ్మ అడిగినా, నేనడిగినా మళ్ళీ సినిమా మాటెత్తలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఈ ఒక్కదానికి జవాబు రాయి. వాన ఉందా, లేదా?

నీ అగ్గిపుల్ల

*

అగ్గిపుల్లా,

ఉంది. దంచికొట్టేది. మిషను వేడికి చెమట్లు కారుతున్నా, ఆ చప్పుడు వింటుంటే నాకు చలేసేది. ఎవరేమన్నా తగ్గకు. వేళకి తిను. ఇంక ఆ సినిమాల గోల నాకు రాయకు.

నాన్న

*

నాన్నా,

రాయకన్నావు. రాస్తున్నాను.

కాపీ వచ్చింది. ముగ్గురం కూర్చున్నాం. తెర మీద వీధి దీపం వెలిగింది, హంతకుడొచ్చి నిలబడ్డాడు. రోడ్డు పొడిగా ఉంది. వాడి బూటు కింద దుమ్ము లేచింది.

మన హాలుకొచ్చేసరికి ఆ ప్రింటు ఎన్ని మిషన్లలో నలిగిందో! రీలు చివర్లే ముందు అరుగుతాయి, ఆ సీనూ అక్కడిదే, నీకు తెలియనిదా? మనం చూసినవి గీతలు. మనం విన్న చిటపటలూ వాటివే. ఆటాటకీ నేను "వానొచ్చింది నాన్నా!" అని అరుస్తుంటే నీకూ వానే అయిపోయినట్టుంది.

మాటన్నాను కాబట్టి లేచి సంచీ సర్దుకున్నాను. "కాసేపాగు," అన్నాడు కళ్ళజోడు. "ఆ వాన ఎలా ఉండేదో చెప్పు." ఎగతాళనుకుని తిట్టబోయాను. కానీ వాడు అద్దాలు తీసి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చెప్పాను. తెర మీద బొమ్మ ఆగిపోయి ఉంది. చెబుతుంటే ఆ నల్లటి గదిలో నిజంగానే కురుస్తున్నట్టు అనిపించింది. మేనేజరు కూడా తెర వైపే చూస్తూ విన్నాడు. చివరికి, "లేని వాన కోసమే ఇంత రభస చేశావు, ఉన్నదాన్నెవడైనా తుడిస్తే వాణ్ణి బతకనివ్వవు. పోయి నీ కుర్చీలో కూర్చో తల్లీ" అన్నాడు. సంతకం పెట్టాను. కళ్ళజోడుకి సారీ చెప్పాను. కసిరినట్టే వచ్చింది, అయినా నవ్వాడు.

కూర్చున్నాక తట్టింది. వాన లేకపోతే హంతకుడి మొహం మీద తడెక్కడిది? మళ్ళీ పెట్టుకుని చూశాను. ఏడుస్తున్నాడు నాన్నా. పారిపోయే దారుండీ పోకుండా, ఏడుస్తూ నిలబడ్డాడు. ఆ గీతల చాటున ఇన్నేళ్ళూ మనకి కనబడలేదు.

ఆదివారం డిస్కు తీసుకుని వస్తున్నాను. చూడనని నువ్వు మొండికేస్తే నేనూ ఎదురుగా కూర్చుని మొండికేస్తాను. హాలు మూసిన రోజు గోడవైపు తిరిగిన నీ మొహం కూడా నాకు కనబడలేదు. నిద్రపోయావనుకుని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. ఈసారి అడిగినప్పుడు ఇటు తిరిగి చెప్పు.

నీ కూతురు,
అగ్గిపుల్ల