నీ కారు మోగిన రోజు

తమ్ముడూ శ్రీనూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు కొని దాచుకున్న సూపర్‌ఛార్జర్‌ను నా మెకానిక్ షెడ్డులో నీ కారుకు బిగించాను. అది ఇంజన్‌లోకి అదనపు గాలిని నెడుతుంది కనుక, ఆ ఒత్తిడికీ ఆయిల్ వేడికీ చెరో మీటరు అమర్చాను. స్టార్ట్ చేస్తే తప్ప పని కుదిరిందో లేదో తెలియదు. తాళంచెవి మాత్రం నిన్ను కన్న మీ అవ్వ ఎవరికీ ఇవ్వలేదు.

తెలంగాణ బంద్‌తో జనగామలో బస్సుల్లేవు. రోడ్డు మీదే వండుకు తింటూ చేస్తున్న వంటావార్పు నిరసన నుంచి ఆమె నడుచుకుంటూ షెడ్డుకు వచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"జర స్టార్ట్ చెయ్యి బిడ్డా, దాని సప్పుడు ఇంట."

తాళం తిప్పగానే ఇంజన్ మోత మీద సూపర్‌ఛార్జర్ సన్నని ఈల లేచింది.

"గింతేనా? మీద ఎగిరే ఇమానం లెక్క మోగుతదన్నడు గద వాడు!" అని నవ్వి, బానెట్ మీద అరచెయ్యి ఆనించింది.

మీటర్ల సూదులు రెండూ సరైన చోటే నిలిచాయి. నా పరీక్ష ముగిసింది. ఆమె చెయ్యి తియ్యలేదు. నేను ఇంజన్ ఆపలేదు.